మెల్‌బోర్న్ పడమటి పేటల గెలుపు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున కరువు భత్యం గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడుకోవడం మనకు రివాజు. ఆ విషయాలు నాకంటె బాగా తెలిసినవారు ఇందాకే విపులంగా చెప్పారు. కార్యదర్శిగారు నాతో, “మీరు 2016లో ఆస్ట్రేలియాలో ఆరు నెలలు ఉండి వచ్చారు. అక్కడిదేదైనా చెప్పండి. కంగారూల సంగతి మాత్రం వద్దు, అవన్నీ టీవీలో చూసేశాం” అన్నారు. కాబట్టి మీరు టీవీలో చూసి ఉండని దాన్ని గురించి చెబుతాను. అక్కడివాళ్ళ ఫుట్‌బాల్ గురించి, ఒక పేదల జట్టు 62 ఏళ్ళకు కప్పు గెలవడం గురించి, ఆ గెలుపును పేపర్లు ఎలా రాశాయి, అభిమానులు ఎలా చెప్పుకున్నారు అనే దాని గురించి. ఆటకూ పెన్షనుకూ సంబంధమేమిటని ఎవరూ తొందరపడవద్దు. చివరకు అక్కడికే వస్తాను.

ముందు ఆట గురించి రెండు మాటలు. ఇది మన పిల్లలు ఆడే ఫుట్‌బాల్ కాదు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అంటారు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మైదానం కూడా అండాకారమే, ఎందుకంటే అవి చాలావరకు క్రికెట్ మైదానాలు. పక్షానికి 18 మంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి తోటివాడికి అందించవచ్చు, కాని విసరకూడదు. రెండు వైపులా నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోలు, దానికి ఆరు పాయింట్లు. పక్కనున్న స్తంభాల నడుమ నుంచి పోతే బిహైండ్ అంటారు, దానికి ఒక్క పాయింటు. అంటే గురి కొద్దిగా తప్పినవాడికి కూడా కూలి ముడుతుందన్నమాట! ఆట నాలుగు భాగాలు. ఒక్కొక్కటి 20 నిమిషాలు, మధ్యలో ఆగిన సమయం అదనం.

ఈ ఆట పుట్టింది మెల్‌బోర్న్‌లోనే. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్, చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు బిగుసుకుపోకుండా ఏదైనా ఆట కావాలని పత్రికకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది 1859లో మెల్‌బోర్న్ క్లబ్బు వాళ్ళు కూర్చుని నియమాలు రాసుకున్నారు. అంటే మన దగ్గర సిపాయీల తిరుగుబాటు చల్లారేనాటికి వాళ్ళు ఈ ఆట నియమాలు రాసుకుంటున్నారు. క్రికెట్ పుణ్యమా అని మనకందరికీ తెలిసిన ఎం.సి.జి. స్టేడియంలోనే ఏటా సెప్టెంబరు చివరనో, అక్టోబరు మొదటనో దీని గ్రాండ్ ఫైనల్ జరుగుతుంది. లక్ష మంది కూర్చుంటారు. ఆ ముందు రోజు శుక్రవారం విక్టోరియా రాష్ట్రమంతటికీ సర్కారీ సెలవు. 2015 నుంచి ఇస్తున్నారు. ఆట చూడటానికి కాదు, ఆట ముందు రోజు ఊరేగింపు చూడటానికి సెలవు! మన సర్వీసులో ఇలాంటి సెలవు ఎవరైనా పొందారా?

మా అబ్బాయి ఇల్లు మెల్‌బోర్న్‌కు పడమర వెరిబీ దగ్గర. అటు వెరిబీ, టార్నెట్, పాయింట్ కుక్ ప్రాంతాల్లో మనవాళ్ళు చాలామంది స్థిరపడ్డారు. సాయంత్రం పార్కుకు వెళితే తెలుగు వినబడుతుంది. కాని ఈ పడమటి పేటలు పాతకాలం నుంచీ కూలివాళ్ళవి, ఫ్యాక్టరీలవి, రేవు పనివాళ్ళవి. ధనవంతులు నగరానికి తూర్పు, దక్షిణాన ఉంటే, పొగగొట్టాలు పడమట ఉండేవి. యుద్ధం తరువాత ఇటలీ, గ్రీసు, మాల్టాల నుంచి, 1970ల చివర నుంచి వియత్నాం నుంచి, ఇటీవల మన దేశం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ దిగారు. ఆ పేటల నడిబొడ్డు ఫుట్‌స్క్రే. ఆ పేట జట్టే నేను చెప్పబోయే బుల్‌డాగ్స్.

ఫుట్‌స్క్రే క్లబ్బు 1925లో పెద్ద లీగులో చేరింది. 1954లో మెల్‌బోర్న్ జట్టును ఓడించి మొదటిసారి కప్పు తెచ్చుకుంది. ఆ రోజు ఫుట్‌స్క్రే 102, మెల్‌బోర్న్ 51. సరిగ్గా రెట్టింపు. ఆ తరువాత 1961లో గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. ఆపైన మరి గ్రాండ్ ఫైనల్ ముఖం చూడలేదు. 1985, 1992, 1997, 1998, 2008, 2009, 2010 సంవత్సరాల్లో ఏడుసార్లు దానికి ఒక్క మెట్టు కిందనే ఆగిపోయింది. 1997లో అయితే కేవలం రెండు పాయింట్ల తేడాతో. పదోన్నతి జాబితాలో ఏడుసార్లు మన పేరు దాకా వచ్చి ఆగిపోతే ఎలా ఉంటుందో ఈ సభలో వివరించనక్కరలేదు.

మా పక్కింటి పెద్దాయన న్యూపోర్ట్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పుట్టి పెరిగింది ఫుట్‌స్క్రేలో. 1954లో ఆయనకు తొమ్మిదేళ్ళు. అక్క చెయ్యి పట్టుకుని ఆ ఆటకు వెళ్ళారట. ఉదయం పూట నన్ను వెంటబెట్టుకుని బజారులోని కాఫీ దుకాణానికి తీసుకువెళ్ళేవారు. అక్కడ ఒక బల్ల చుట్టూ రిటైరైనవాళ్ళు కూర్చుని పేపరు చదువుతారు. మన సంఘం రీడింగు రూమే అనుకోండి. కాకపోతే మనం ముందు మొదటి పేజీ చూస్తాం, వాళ్ళు పేపరును వెనుక నుంచి తిప్పుతారు, ఆటల పేజీలు అక్కడ ఉంటాయి కాబట్టి.

ఆ బల్ల దగ్గర ముగ్గురిని మీకు పరిచయం చేయాలి. ఒకరు మా పక్కింటాయన, బుల్‌డాగ్స్ పక్షం. రెండోవారు దక్షిణ మెల్‌బోర్న్ పేటకు చెందినవారు. ఆయన జట్టు సౌత్ మెల్‌బోర్న్‌ను అప్పులపాలై 1982లో సిడ్నీకి తరలించారు. పేరు సిడ్నీ స్వాన్స్ అయింది. జట్టు 800 కిలోమీటర్ల అవతలకు పోయినా ఆయన అభిమానం మాత్రం బదిలీ కాలేదు. మూడోవారు ఒక రిటైర్డు నర్సమ్మ. ఆమెది ఫిట్జ్‌రాయ్ జట్టు. 1883 నాటి క్లబ్బు, ఎనిమిది కప్పులు గెలిచిన క్లబ్బు. 1996 సీజను చివర దాన్ని బ్రిస్బేన్ జట్టులో కలిపేశారు. ఆమెకు తన జట్టు ఇప్పుడు ఫోటోలలోనే ఉంది. నిలిచినదొకటి, వలస పోయినదొకటి, కలిసిపోయినదొకటి. ఈ ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పేపరు చదివితే మూడు రకాలుగా కనబడేది.

ఇక 2016 సంగతికి వద్దాం. లీగులో 18 జట్లు. ఏడాదంతా ఆడాక మొదటి ఎనిమిదింటికి ఫైనల్స్‌లో చోటు. బుల్‌డాగ్స్ ఏడో స్థానంలో వచ్చింది. ఏడో స్థానం నుంచి కప్పు గెలిచిన జట్టు అప్పటిదాకా లేదు. కెప్టెన్ బాబ్ మర్ఫీకి సీజను మొదట్లోనే మోకాలు దెబ్బతిని ఆ ఏడాది ఆట అయిపోయింది. ఇంకా చాలామందికి గాయాలు. మొదటి ఫైనల్ పెర్త్‌లో, అంటే విమానంలో నాలుగు గంటల ప్రయాణం. అక్కడి వెస్ట్ కోస్ట్ జట్టును అక్కడే ఓడించాలి. ఓడితే ఇంటికే. అక్కడి పేపర్లలో నిపుణుల జోస్యాలను పట్టికగా వేస్తారు. ఆ పట్టికలో వెస్ట్ కోస్ట్ పేరే వరుసగా కనబడింది. మా పెద్దాయన ఆ పట్టికను కత్తిరించి జేబులో పెట్టుకున్నారు. “ఎందుకండీ?” అంటే, “ఓడితే పారేస్తాను, గెలిస్తే ఫ్రేము కట్టిస్తాను” అన్నారు.

సెప్టెంబరు 8న బుల్‌డాగ్స్ 47 పాయింట్ల తేడాతో గెలిచింది. మర్నాడు బల్ల దగ్గర చర్చ చూడాలి! రేడియోలో అభిమానులు ఫోను చేసి మాట్లాడే కార్యక్రమాలుంటాయి. నిన్నటిదాకా ఈ జట్టు ఊసెత్తనివాళ్ళు ఆ రోజు దాని వేగం గురించి, కోచ్ లూక్ బెవరిడ్జ్ తెలివి గురించి ఉపన్యాసాలిచ్చారు. మరికొందరు ఇంకో వాదం లేవదీశారు. ఆ ఏడాదే మొదటిసారిగా లీగు వారు ఫైనల్స్ ముందు ఒక వారం విరామం పెట్టారు. గాయపడినవాళ్ళు కోలుకోవడానికి బుల్‌డాగ్స్‌కు అది కలిసొచ్చిందని, లేకపోతే గెలిచేది కాదని అన్నారు. మా పెద్దాయన, “విరామం ఎనిమిది జట్లకూ ఇచ్చారు కదా! మావాళ్ళ మోకాళ్ళకు మాత్రమే ఇచ్చారా?” అన్నారు. నర్సమ్మ నవ్వి, “ఓడినవాడికి కారణాలు దొరుకుతాయి, గెలిచినవాడికి అదృష్టం అంటగడతారు” అంది.

సెప్టెంబరు 16న ఎం.సి.జి.లో హాథార్న్ మీద. అది మామూలు జట్టు కాదు, 2013, 2014, 2015 వరుసగా మూడేళ్ళు కప్పు గెలిచినది. దాన్ని 23 పాయింట్లతో ఓడించారు. అప్పటినుంచి పేపరు వైఖరి మారింది. వారం తరువాత సెప్టెంబరు 24న సిడ్నీ నగరంలో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టుతో. ఇది లీగు వారు కొత్తగా పుట్టించిన జట్టు, 2012లో మొదటిసారి ఆడింది. ఆ రోజు పడమటి పేటల నుంచి కార్లు బారులు తీరి రాత్రికి రాత్రి సిడ్నీ వెళ్ళాయి. మా వీధిలోంచి రెండు బళ్ళు వెళ్ళాయి. 89కి 83. ఆరు పాయింట్లు, అంటే ఒక్క గోలు తేడా. ఏడుసార్లు ఆగిన మెట్టును ఎనిమిదోసారి ఎక్కారు.

గ్రాండ్ ఫైనల్ అక్టోబరు 1న, శనివారం. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? సిడ్నీ స్వాన్స్. మా బల్ల దగ్గరి దక్షిణ మెల్‌బోర్న్ పెద్దాయన జట్టు! ఆ వారమంతా ఇద్దరూ ఒకరి కాఫీకి ఒకరు డబ్బు చెల్లించుకున్నారు గాని జోస్యాలు చెప్పుకోలేదు. పెద్దమనుషుల ఒప్పందం. ఆ వారం పేపర్లకు మాత్రం ఒప్పందం లేదు. ఏ పేజీ తిప్పినా ఒకే మాట: అద్భుత గాథ. చందమామ కథల్లోలాగా పేదవాడికి రాకుమారి దక్కబోతోందన్న ధోరణి. ఫుట్‌స్క్రే వీధుల్లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల రిబ్బన్లు కట్టని కొట్టు లేదు. వియత్నాం వాళ్ళ రొట్టెల దుకాణం, మనవాళ్ళ మసాలా దుకాణం కూడా కట్టాయి. మా మనుమడు బడికి ఆ రంగుల మఫ్లరు కట్టుకుపోయాడు.

టిక్కెట్లు చందాదారులకు లాటరీలో ఇస్తారు. మా పెద్దాయనకు రాలేదు. అందుకని ఆయన, ఆయన శ్రీమతి మా ఇంట్లోనే కూర్చుని చూశారు. మా ఆవిడ పకోడీలు వేసింది. స్టేడియంలో 99,981 మంది. సగం ఆట అయ్యేసరికి సిడ్నీ రెండు పాయింట్లు ముందుంది. చివరి భాగంలో టామ్ బాయిడ్ అనే కుర్రవాడు చాలా దూరం నుంచి తన్నిన బంతి నేల మీద ఎగిరెగిరి స్తంభాల మధ్యకు దొర్లింది. అప్పుడు అందరికీ తెలిసిపోయింది. చివరకు బుల్‌డాగ్స్ 13 గోల్స్, 11 బిహైండ్లు, మొత్తం 89. సిడ్నీ 10 గోల్స్, 7 బిహైండ్లు, మొత్తం 67. లెక్కల విభాగంలో పనిచేసినవాణ్ణి కాబట్టి రెండుసార్లు కూడి చూసుకున్నాను. సరిపోయింది, తేడా 22.

సైరన్ మోగగానే మా పెద్దాయన ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. జీలాంగ్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఉన్న అక్కయ్యకు ఫోను చేశారు. 1954లో చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళిన అక్కయ్య. ఆమెకు అప్పటికే మరపు జబ్బు. ఈ ఆట చూసిందో లేదో తెలియదు. ఆయన మాత్రం ఆవిడకు 1954 నాటి ఆటగాళ్ళ పేర్లు వరుసగా చెబుతున్నారు. అటునుంచి ఆవిడ కూడా ఒకటి రెండు పేర్లు అందించిందని తరువాత చెప్పారు.

టీవీలో ఇంకో దృశ్యం చూపించారు. కప్పు గెలిచిన జట్టు కోచ్‌కు ఒక పతకం ఇస్తారు. కోచ్ బెవరిడ్జ్ దాన్ని మెడలో వేసుకున్నాడు. మైకు ముందుకు వచ్చి, ఆడలేక కూర్చున్న కెప్టెన్ మర్ఫీని వేదిక మీదికి పిలిచి, తన మెడలోని పతకం తీసి అతని మెడలో వేశాడు. 17 సీజన్లుగా ఆ క్లబ్బుకే ఆడినవాడు, ఆ ఒక్క రోజూ మైదానంలో లేనివాడు. పతకం ఆటగాడి చెమటకే చెందాలని కోచ్ అనుకున్నాడు. మర్ఫీ, తాత్కాలిక కెప్టెన్ ఈస్టన్ వుడ్ కలిసి కప్పు ఎత్తారు. మర్నాడు ఏ పేపరు చూసినా ఆ బొమ్మే. ఆ బొమ్మకు అర్హత ఉంది. అందులో సందేహం లేదు.

కాని మర్నాటి చర్చ అంతా బొమ్మ గురించే కాదు. అంపైర్ల గురించి కూడా. బుల్‌డాగ్స్‌కు 20 ఫ్రీ కిక్కులు, సిడ్నీకి ఎనిమిదే. ఈ రెండంకెలు రేడియోలో రోజంతా మోగాయి. సోమవారం బల్ల దగ్గర దక్షిణ మెల్‌బోర్న్ పెద్దాయన పేపరును మడిచి ఆ అంకెల మీద వేలు పెట్టి, “ఎనిమిదీ ఇరవయ్యీ అన్న ఈ లెక్క మా ఇంట్లో ఇంకో ఇరవై ఏళ్ళు ఉంటుంది” అన్నారు. మా పెద్దాయన వెంటనే జవాబు చెప్పలేదు. కాఫీ తాగి, “నీ స్థానంలో నేనుంటే నలభై ఏళ్ళు ఉంచుకుందును” అన్నారు. 1997లో రెండు పాయింట్లతో ఓడిన మనిషి ఆ మాట అనగలడు. నన్నడిగారు. నేను, “మా ఆఫీసులో మొత్తం చూసి ఊరుకోం. ఒక్కొక్క వోచరూ తీసి చూస్తాం. ఎవరికెన్ని వచ్చాయన్నది మొత్తం. ఏది న్యాయంగా వచ్చింది, ఏది రాలేదన్నది వోచరు. పేపరు వాళ్ళు మొత్తం వేసి వోచర్లు వదిలేశారు” అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక్కొక్క ఫ్రీ కిక్కూ తీసి చూడటం మొదలుపెట్టారు. నేను దేశానికి తిరిగి వచ్చేనాటికి ఆ ఆడిట్ పూర్తి కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా పెద్దాయన మంగళవారం నన్ను తమ ఇంటికి పిలిచి రెండు కట్టలు చూపించారు. ఒకటి 2016 పేపర్లు: రంగుల పోస్టర్లు, ప్రత్యేక అనుబంధాలు, ఒక్కొక్కటి మూడేసి ప్రతులు. రెండోది 1989 పేపర్లు, పసుపు రంగుకు తిరిగాయి. 1989లో సీజను ముగిసిన వెంటనే, అప్పులు తీర్చలేని ఫుట్‌స్క్రేను ఫిట్జ్‌రాయ్‌తో కలిపేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. కొత్త జట్టుకు పేరు కూడా పెట్టేశారు, ఫిట్జ్‌రాయ్ బుల్‌డాగ్స్ అని. వార్త చదివితే కార్యక్రమం పూర్తయినట్టే ఉంటుంది, దినం భోజనాలే తరువాయి.

అప్పుడు పేటవాళ్ళు లేచారు. పీటర్ గోర్డన్ అనే న్యాయవాది ముందు నిలిచాడు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే అభిమాని, క్లబ్బుకు చందా కట్టే మామూలు మనిషి, వాది అయి విక్టోరియా సుప్రీం కోర్టులో దావా వేసింది. కొద్ది వారాల గడువు దొరికింది. ఆ గడువులో డబ్బు చూపించాలి. జనం డబ్బాలు పట్టుకుని రైలు స్టేషన్ల దగ్గర, ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడ్డారు. ఇంటింటికీ తిరిగారు. మైదానంలో వేలమందితో సభ పెట్టారు. మా పెద్దాయన శ్రీమతి ఫుట్‌స్క్రే స్టేషన్ దగ్గర డబ్బా పట్టుకుని నిలబడింది. ఆవిడ నాతో, “నోట్లు వేసినవాళ్ళ ముఖాలు గుర్తు లేవు. ఒక బడి పిల్లవాడు బస్సు డబ్బులు వేసి నడిచి వెళ్ళాడు, వాడి ముఖం గుర్తుంది” అంది. డబ్బు పోగయింది. విలీనం ఆగిపోయింది. గోర్డన్ క్లబ్బు అధ్యక్షుడయ్యాడు. 2016లో కప్పు గెలిచినప్పుడు కూడా అధ్యక్షుడు ఆయనే.

ఆ నర్సమ్మ వైపు నుంచి కూడా చూడాలి. 1989లో విలీనం ఆగినందువల్ల ఫిట్జ్‌రాయ్ మరో ఏడేళ్ళు బతికింది గాని, 1996లో దాన్ని నిలబెట్టడం ఎవరి వల్లా కాలేదు. ప్రేమ తక్కువై కాదు. చేతులు చాలలేదు, డబ్బు చాలలేదు. ఆమె ఆ మాట ఏ కోపమూ లేకుండా చెప్పేది. “మీ కప్పులో నాకూ కొంచెం ఉంది. 1989లో మీరు మమ్మల్ని కూడా కాపాడారు, కొన్నాళ్ళకైనా” అని మా పెద్దాయనతో అనడం నేను విన్నాను.

కాబట్టి మా పెద్దాయనకు పేపర్ల మీద ఒకే ఒక్క ఫిర్యాదు. అద్భుత గాథ అన్న మాట. “అద్భుతం అంటే ఎవరో దేవకన్య వచ్చి మంత్రదండం ఊపాలి. మాకెవరూ ఊపలేదు. మేమే డబ్బాలు ఊపాం” అన్నారు. 1989 సంగతి పేపర్లు రాయలేదని కాదు. రాశాయి, కాని మేము చూసినవాటిలో చాలావరకు ఒక పేరా, ఆ పక్కనే ఆరు పేజీల బొమ్మలు. గెలిచిన రోజు పేపరు లావుగా ఉంటుంది. నిలబడిన రోజు సన్నగా ఉంటుంది. కాని లావు పేపరు రావాలంటే ముందు సన్న పేపరు రోజుల్లో ఎవరో నిలబడి ఉండాలి. 1989 డబ్బాలు లేకపోతే 2016 కప్పు లేదు. ఇది లెక్కల మనిషిగా నేను ధ్రువీకరించగలను.

ఆ క్లబ్బు కూడా తనను నిలబెట్టిన పేటను మరచిపోలేదని చెప్పాలి. సన్స్ ఆఫ్ ది వెస్ట్ అనే పేరుతో పడమటి పేటల మగవాళ్ళకు ఉచితంగా ఆరోగ్య శిక్షణ నడిపారు. బీపీ, షుగరు, బరువు, నడక, మనసు బాగోలేకపోతే ఎవరితో చెప్పుకోవాలి, ఇవన్నీ. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళని మగవాడు ఫుట్‌బాల్ క్లబ్బు పిలిస్తే వస్తాడని వాళ్ళ ఆలోచన. మా పెద్దాయన వెళ్ళి, నడుము కొలత తగ్గించుకుని వచ్చారు. ఇది మన సంఘం ఆలోచించదగ్గ విషయం. మనం కూడా చెబితే వినే రకం కాదు, ఎవరైనా పిలిస్తే వెళ్ళే రకం.

మిత్రులారా, ఇప్పుడు పెన్షను దగ్గరికి వస్తాను. ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున సుప్రీం కోర్టు నకారా కేసులో తీర్పునిచ్చింది. పెన్షను సర్కారు దయాదాక్షిణ్యం కాదని, చేసిన సేవకు హక్కుగా వచ్చేదని, ఫలానా తేదీకి ముందు రిటైరైనవారు, తరువాత రిటైరైనవారు అని గీత గీసి తక్కువ ఎక్కువ చెయ్యరాదని చెప్పింది. ఆ వ్యాజ్యంలో డి.ఎస్. నకారాగారు కూడా మనలాగే రిటైరైన ఉద్యోగి. ఆ రోజున ఆయన ఇంట్లో కూర్చుని ఉంటే నేడు మనకు ఈ దినోత్సవం లేదు. ఫుట్‌స్క్రే అభిమానికీ, మన నకారాగారికీ సంబంధమేమీ లేదు. సముద్రాలు అడ్డం. కాని ఇద్దరూ చేసింది ఒక్కటే. ఇది అయిపోయింది అని పైవాళ్ళు చెప్పాక, ఇంకా కాలేదు అని సంతకం పెట్టారు.

మన సంఘంలో కూడా సన్న పేపరు రోజులున్నాయి. అద్దె గదిలో ఒక్క బల్లతో మొదలైన రోజులు, స్టెన్సిలు కోసి చేత్తో సర్క్యులర్లు తీసిన రోజులు, బస్సు చార్జీలు సొంతానికి పెట్టుకుని వితంతు పెన్షను కాగితాలు పట్టుకుని తిరిగిన మిత్రులు. వారిలో చాలామంది ఈ రోజు మన మధ్య లేరు. వారి సంగతి ఏ పెద్ద పత్రికా రాయదు. వాళ్ళకు తీరికా లేదు, అవసరమూ లేదు. రాయవలసింది మన ఈ చిన్న పత్రికే. మా పెద్దాయన దగ్గర 1989 కట్ట ఉంది కాబట్టే ఆయన 2016 పేపరుతో వాదించగలిగారు. ఆ కట్ట లేకపోతే అద్భుత గాథే చరిత్ర అయిపోయేది.

అందుచేత సభ్యులకు నా మనవి. మీ పెట్టెల్లో ఉన్న పాత సర్క్యులర్లు, రశీదులు, ఫోటోలు, ఆనాటి ఉత్తరాలు కార్యదర్శిగారికి అందజేయండి. గుర్తున్నది నాలుగు పేరాలు రాసి ఇవ్వండి. చేయి వణుకుతుంటే మీరు చెప్పండి, మనుమలచేత రాయించండి. మీ పిల్లలకు మన సంఘం గురించి చెప్పేటప్పుడు, ఆ బకాయిలు ఎలాగో వచ్చేశాయి అనకండి. ఎలా వచ్చాయో, ఎవరు తిరిగితే వచ్చాయో పేర్లతో చెప్పండి. చందా బాకీ ఉన్నవారు బయట బల్ల దగ్గర కోశాధికారిగారిని కలవండి. ఆయన దగ్గర కూడా ఒక డబ్బా ఉంది.

చివరగా ఒక సమాచారం. ఆట అన్నాక గెలుపు ఒక్కటే ఉండదు. 2021లో బుల్‌డాగ్స్ మళ్ళీ గ్రాండ్ ఫైనల్‌కు వెళ్ళింది. కరోనా వల్ల ఆట పెర్త్‌లో జరిగింది. మెల్‌బోర్న్ జట్టు చేతిలో 74 పాయింట్లతో ఓడింది. మెల్‌బోర్న్‌కు అది 1964 తరువాత మొదటి కప్పు. నేను ఫోను చేసి పరామర్శించాను. మా పెద్దాయన, “వాళ్ళు 57 ఏళ్ళు చూశారు, పాపం. వాళ్ళ పేపరు లావెక్కనివ్వండి. మాకు చందా కట్టే తేదీ ఎప్పుడో తెలుసు” అన్నారు. ఆ ఏడు కూడా కట్టారు.